బావ గుండె పరీక్ష రిపోర్టు గురించి

హనుమకొండ

బిడ్డా,

బావ స్ట్రెస్ థాలియం (నడిపించాక, విశ్రాంతిలో గుండె కండకు రక్తం ఎలా అందుతోందో బొమ్మలు తీసే పరీక్ష) రిపోర్టు ఫోన్‌లో పంపి, “ఫిక్స్‌డ్ డిఫెక్ట్ అని రాశారు మామా” అన్నావు. నీకు నిద్ర కూడా పట్టడం లేదని అక్క చెప్పింది. గుండె వార్డులో ఏళ్లపాటు ఈ బొమ్మలు తీసినవాడిగా చెప్తున్నా, ఆ ఒక్క మాట చూసి బెంగపడకు.

రంగుల పేజీ తీయి. గారెల్లా మధ్యలో చిల్లుతో గుండ్రని బొమ్మలు వరుసగా ఉంటాయి. మామూలుగా పై వరుస నడిపించాక తీసింది, కింది వరుస విశ్రాంతిలో తీసింది. రక్తం బాగా అందిన కండ నారింజ, పసుపు రంగుల్లో ఉంటుంది. అందని చోట రంగు తగ్గుతుంది. పైన తగ్గి, కింద నిండితే ‘రివర్సిబుల్’ అంటారు. కండ బతికే ఉంది, శ్రమపడితే రక్తం చాలట్లేదని అర్థం. రెండింట్లోనూ తగ్గితే ‘ఫిక్స్‌డ్’. పాత గుండెపోటు మచ్చ కావచ్చు. కానీ మగవాళ్లకు గుండె కింది గోడ మీద డయాఫ్రం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొర) నీడ పడినా అచ్చం అలాగే కనిపిస్తుంది. బావది కింది గోడే, పైగా గోడ బాగానే కదులుతోందని రాశారు. నీడే అయ్యే అవకాశం ఎక్కువ. డాక్టరును ఈ మాటే సూటిగా అడుగు.

ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో బయటికి పంపే వంతు, 58 శాతం ఉంది, మంచిదే.

ఇంకోటి, చాలామంది చూడనిది: ఎంతసేపు నడిచాడు, గుండె ఎంత వేగం అందుకుంది? 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం అందుకోవాలి. 62 ఏళ్ల బావకు అది నిమిషానికి సుమారు 134 సార్లు. అంత రాకముందే ఆపేస్తే పరీక్ష నమ్మకం తగ్గుతుంది. ఈ బొమ్మ గుండెలో ఒక భాగాన్ని ఇంకో భాగంతో పోల్చి చూపిస్తుంది. మూడు రక్తనాళాలూ ఒకేలా పూడితే అన్నిచోట్లా రంగు సమంగానే కనిపించి, రిపోర్టు నార్మల్ రావచ్చు. అందుకే నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కిందా, ఆయాసం వచ్చిందా అన్నది బావనే అడిగి రాసిపెట్టు. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తే మాత్రం రిపోర్టు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

పాత ఈసీజీ, ఎకో కాగితాలు, మాత్రల చీటీ తీసుకురా. బీపీ మాత్రలు సొంతంగా మానొద్దని బావకు గట్టిగా చెప్పు. కాజీపేటలో దిగండి, స్టేషన్‌కు నేనొస్తా, ఓపీకి ముగ్గురం కలిసే పోదాం.

మీ మామ