సమాధానం: కాలువ మట్టిలో దొరికిన సీసపు గుండు, ఇత్తడి గొట్టం

యానాం దగ్గర కాలువ పూడిక మట్టిలో దొరికినవి ఏమిటని అడిగారు కదండీ. గుండుకి బెజ్జం ఉంటే అది వలకి కట్టే సీసమే, ఇంకేమీ ఆశించకండి. బెజ్జం లేకుండా, పైన తెల్లటి పొర, చుట్టూ సన్నటి అచ్చు అతుకు కనిపిస్తే మస్కెట్ (పాతకాలపు పొడవాటి తుపాకీ) గుండు కావచ్చు. అడ్డంగా కొలవండి: ఇంగ్లీషు వాళ్లది సుమారు 17.5 మిల్లీమీటర్లు, ఫ్రెంచి వాళ్లది 16.5. 1758లో చందుర్తి దగ్గర ఇద్దరూ తలపడ్డారు నిజమే గానీ, ఒక్క గుండుతో అంతదాకా వెళ్లొద్దు.

గొట్టం అడుగున అంచు బయటికి ఉండి, పొడవు 56 మిల్లీమీటర్లుంటే త్రీనాట్‌త్రీ రైఫిల్ తూటాది. అడుగున కె, ఎఫ్ అని ఉంటే పుణె దగ్గరి కిర్కీ తూటాల ఫ్యాక్టరీ తయారీ. మూతి ఖాళీగా ఉంటేనే ఈ కొలతలన్నీ. మూతిలో బుల్లెట్ ఉంటే మాత్రం తోమొద్దు, ముట్టుకోవద్దు. అక్కడే వదిలేసి పోలీసులకు చెప్పండి.