జర్మనీ ఏజెంటుకి డబ్బు కట్టకు, ముందు ఇది చదువు చెల్లీ

బీఎస్సీ నర్సింగ్ ఇప్పుడే అయింది, నాన్న ఎమ్మెస్సీ అంటున్నారు, ఏజెంటేమో జర్మనీకి రెండు లక్షలు అడుగుతున్నాడు అన్నావు కదా. ఎమ్మెస్సీకి ఎలాగూ ఏడాది అనుభవం కావాలి, కాబట్టి ఆ గొడవ ఇప్పుడు వద్దని నాన్నకి చెప్పు.

ముందు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకో, అది లేకుండా ఎక్కడికెళ్లినా పని జరగదు. తర్వాత పెద్ద హాస్పిటల్లో ఐసీయూలో చేరు. జీతం తక్కువే ఇస్తారు, అయినా వెంటిలేటర్ అలారం మోగితే ముందు మెషీన్‌ని కాదు, పేషెంట్‌ని చూడాలన్నది నాకు నైట్ డ్యూటీల్లోనే వంటబట్టింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు. నేను హాస్పిటల్‌కి ఇచ్చి, మానేశాక వాటి కోసం నాలుగు నెలలు తిరిగాను!

డ్యూటీ చేస్తూనే నార్‌సెట్‌కి చదువు, అది ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే పరీక్ష. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకి రెండేళ్ల అనుభవం అడుగుతారు, నీకు ఆ బాధ లేదు, వయసు మాత్రం 30 దాటకూడదు.

ఇక జర్మనీ. అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాష బీ2 స్థాయిలో, అంటే ధారాళంగా మాట్లాడేంత, రావాలి, అది నీ బదులు ఏజెంటు నేర్చుకునేది కాదు కదా, నువ్వే కూర్చోవాలి. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీ కింద తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. అతని పేరు కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్లో ఉందో లేదో వెతుకు. తెలంగాణ అయితే విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థే టామ్‌కామ్ ఉంది, ఒకసారి వెళ్లి కనుక్కో.