స్లాట్ మెషీన్ల ఆదాయంతో గుర్రప్పందేలను పోషించడం సబబేనా?

మీరడిగింది ఇది: క్యాసినో స్లాట్ మెషీన్ల (డబ్బు వేసి మీట నొక్కితే అదృష్టాన్ని బట్టి గెలుపో ఓటమో తేల్చే జూదపు యంత్రాలు) రాబడిలోంచి వాటా ఇచ్చి గుర్రప్పందేల పరిశ్రమను బతికించడం సబబేనా, మన హైదరాబాద్‌లో కూడా అలాంటిది పనికొస్తుందా అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. షరతుల్లేకుండా ఏళ్ల తరబడి ఇస్తూ పోవడం తప్పు. అలా అలవాటు చేసి, ఒక్క బడ్జెట్ దెబ్బతో లాగేసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. కెనడాలో ఒంటారియో ప్రభుత్వం ఈ రెండూ చేసింది. రెండోది జరుగుతున్నప్పుడు నేను అక్కడి గుర్రాల కొట్టాల్లోనే పని చేస్తున్నాను.

నాది తిరుపతి వెటర్నరీ కాలేజీ. చదువుకున్నన్నాళ్లూ గేదెలు, ఆవులు, గొర్రెలే. గుర్రాన్ని ముట్టుకున్నది తక్కువ. కెనడా వచ్చాక లైసెన్సు పరీక్షలు పూర్తయ్యేదాకా పొట్ట గడవాలి కదా, ఒంటారియోలోని గ్వెల్ఫ్ పరిసరాల్లో గుర్రాలు చూసే ఒక డాక్టరు దగ్గర సహాయకుడిగా చేరాను. ఆ చుట్టుపక్కల రేసులంటే చాలావరకు హార్నెస్ రేసింగే. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులోలా జాకీ వీపు మీద ఎక్కడు. గుర్రం వెనక రెండు చక్రాల తేలికపాటి బండి, అందులో కాళ్లు చాపుకుని డ్రైవరు కూర్చుంటాడు. గుర్రాలు స్టాండర్డ్‌బ్రెడ్ జాతివి. యజమానులు కోటీశ్వరులేమీ కాదు. పాడి నడుపుతూ పక్కన నాలుగు గుర్రాలు పెట్టుకున్న రైతు, రిటైరైన టీచరు, ట్రక్కు డ్రైవరు, ఇలాంటివాళ్లే. టొరంటో వుడ్‌బైన్‌లో జరిగే థరోబ్రెడ్ (జాకీ వీపు మీదెక్కి నడిపే జాతి) రేసులు, 1860 నుంచి నడుస్తున్న ప్లేట్ రేసు హంగామా, అదంతా వేరే లోకం. దాని జోలికి పోను.

స్లాట్లు రేసుకోర్సుల్లోకి ఎలా వచ్చాయో తెలియకపోతే మిగతా వాదన అర్థం కాదు. 1990ల్లో ప్రభుత్వం ఊళ్లలో చిన్న క్యాసినోలు తెరుద్దామనుకుంది. చాలా ఊళ్లు మాకొద్దన్నాయి. రేసుకోర్సులో అప్పటికే పందేలు నడుస్తున్నాయి, కార్లు నిలుపుకునే జాగా ఉంది, కొత్తగా గొడవ చేసేవాళ్లు లేరు. దాంతో 1998లో మెషీన్లు అక్కడికి చేరాయి. పంపకం ఇలా కుదిరింది: మెషీన్ల రాబడిలో 10 శాతం రేసుకోర్సు యాజమాన్యానికి, 10 శాతం బహుమతి సొమ్ము రూపంలో గుర్రాలవాళ్లకు, ఆ ఊరి మునిసిపాలిటీకి కొంత, మిగతాది ప్రభుత్వానికి. చివరి రోజులకు 17 రేసుకోర్సులు, గుర్రాలవాళ్లు కలిసి ఏడాదికి సుమారు 34.5 కోట్ల డాలర్లు అందుకునేవారు.

కింది స్థాయిలో ఆ డబ్బు ఎలా పనిచేసేదో చెప్తాను. హార్నెస్ రేసులో బహుమతిని మొదటి ఐదు స్థానాలకు 50, 25, 12, 8, 5 శాతాల చొప్పున పంచుతారు. 6,000 డాలర్ల రేసు గెలిస్తే 3,000. ఐదో స్థానానికి 300. అందులోంచి డ్రైవరుకు 5 శాతం, ట్రైనరుకు 5 శాతం పోతాయి. ట్రైనరు దగ్గర ఒక గుర్రాన్ని ఉంచితే మేపు, నాడాలు, మందులు, మా బిల్లు అన్నీ కలిపి అప్పట్లో నెలకు 1,500 డాలర్లు తేలిగ్గా అయ్యేది. అంటే నెలలో ఒక్క రెండో స్థానం వస్తే యజమాని దాదాపు గట్టెక్కినట్టే. ఆ బహుమతి సొమ్ములో సగానికి పైగా స్లాట్ల నుంచి వచ్చిందే. దాన్ని తీసేస్తే గెలిచినవాడికి కూడా నెల గడవదు.

ఇక రేసుకోర్సు లోపలి సంగతి. ఒక చలికాలం రాత్రి మేం వైద్యం చేసిన గుర్రం పరుగెడుతుంటే చూద్దామని వెళ్లాను. ట్రాక్ వైపు వెళ్లాలంటే స్లాట్ల హాలు దాటాలి. లోపల సీటు దొరకడం కష్టం. చాలామంది చొక్కా గుండీకి మెలికల తాడు, ఆ తాడు చివరి సభ్యత్వ కార్డు మెషీన్‌లో గుచ్చి ఉంది. బాత్‌రూమ్‌కి లేవాలన్నా ముందు దాన్ని ఊడదీసుకోవాలి. అద్దాల తలుపు తీసుకుని బయటికొస్తే ఎముకలు కొరికే చలి, కంచె దగ్గర గుప్పెడు మంది. వాళ్లలోనూ సగం మంది పరుగెత్తుతున్న గుర్రాల యజమానులు, వాళ్ల బావమరుదులు. ప్రోగ్రామ్ పుస్తకం మడిచి చంకలో పెట్టుకున్న ఒక పెద్దాయన 2 డాలర్ల టికెట్ కొని, ఏ గుర్రం ఎందుకు గెలవదో నాకు ఓపిగ్గా చెప్పాడు. మా గుర్రం నాలుగో స్థానంలో వచ్చింది. లోపల మెషీన్ల ముందున్నవాళ్లలో ఒక్కరూ తల తిప్పలేదు.

నాకు మింగుడుపడనిది అదే. చూసేవాడు లేకపోయినా, కాసేవాడు లేకపోయినా బహుమతి సొమ్ముకు ఢోకా లేదు. అలాంటప్పుడు కొత్తగా పందెం కాసేవాళ్లను తెచ్చుకోవాలన్న ఆరాటం యాజమాన్యానికి ఎందుకుంటుంది? రేసు పందెంలో వచ్చిన మొత్తంలోంచి రకాన్ని బట్టి సుమారు 15 నుంచి 25 శాతం దాకా ముందే కోసేసి మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. స్లాట్ మెషీన్ ఒక్కో ఆటలో కోసేది దానికంటే తక్కువ, ఆట ముగిసేది సెకన్లలో. రేసుకీ రేసుకీ మధ్య ఇరవై నిమిషాలు ఎదురుచూడాలి, ప్రోగ్రామ్ చదవడం నేర్చుకోవాలి, పైగా కోత ఎక్కువ. పక్క గదిలోనే అంత సులువైన పోటీని పెట్టుకున్నవాళ్లు ఆ కోత తగ్గించాలి, చదవడం నేర్పాలి. ఆ అవసరాన్నే స్లాట్ల సొమ్ము తీసేసింది.

గుర్రాలవాళ్ల వాదన కూడా చెప్పాలి, అందులో బలం లేకపోలేదు. "ఇది సబ్సిడీ కాదు, భాగస్వామ్యం. మా చోటు వాడుకున్నారు, మా పందేలకు గండి కొట్టారు, దానికి మా వాటా" అనేవాళ్లు. సగం ఒప్పుకుంటాను. యాజమాన్యానికి ఇచ్చిన 10 శాతం అద్దె అనుకుందాం. గుర్రాలవాళ్లకు ఇచ్చిన 10 శాతం నష్టపరిహారం అనుకుందాం. పరిహారమైతే నష్టానికి తగ్గట్టు ఉండాలి కదా. రేసుల మీద పందేలు ఎంత తగ్గాయన్న దానితో ముడిపెట్టకుండా, మెషీన్లు ఎంత తింటే అంత పెంచుకుంటూ పోయారు. పందేలు కాసే జనం మోయగలిగినదానికి మించి గుర్రాలు పుట్టాయి.

ఇక రెండో తప్పు. 2012 ఫిబ్రవరిలో, ప్రభుత్వ ఖర్చుల మీద సర్కారే వేసిన కమిషన్ ఇచ్చిన డ్రమండ్ నివేదిక ఈ సాయాన్ని ప్రశ్నించింది. మార్చి నెలలోనే ఆర్థికమంత్రి డ్వైట్ డంకన్ ప్రకటించేశారు: 2013 మార్చి 31తో స్లాట్ల వాటా బంద్. గుర్రాలకా, బడులకూ ఆసుపత్రులకా అన్నట్టు మాట్లాడారు. విండ్సర్, సార్నియా, ఫోర్ట్ ఈరీ రేసుకోర్సుల్లోనైతే 2012 ఏప్రిల్ నెలాఖరుకే మెషీన్లు ఆపేశారు. విండ్సర్ రేస్‌వే ఆ వేసవిలోనే మూతపడింది.

మార్చి అంటే ఏమిటో పశువుల డాక్టరుకు చెప్పక్కర్లేదు. ఆడగుర్రాలు ఎదకొచ్చే కాలం. స్టాండర్డ్‌బ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణ చెల్లుతుంది (థరోబ్రెడ్‌లలో చెల్లదు), కాబట్టి మా పనంతా స్కానింగ్‌తోనే. అండాశయం మీద గింజ (అండం పెరిగే తిత్తి) పెద్దదైందని తెరమీద కనబడగానే ఫోన్ చేస్తే, మర్నాటికల్లా మంచి మగగుర్రం వీర్యం ఐసు పెట్టెలో వచ్చేస్తుంది. ఆ ప్రకటన వచ్చిన వారంలో ఒక కొట్టంలో ఆడగుర్రాన్ని ఇనప చట్రంలో నిలబెట్టి నేను తోక పక్కకు పట్టుకున్నాను, డాక్టరుగారు స్కాన్ చేస్తున్నారు. తెర మీద నల్లగా, గుండ్రంగా, ఇంతకంటే మంచి గింజ ఉండదన్నట్టుంది. "రేపటికి తెప్పించేదా?" అన్నారు. యజమాని, డెబ్బై దాటిన రైతు, గుర్రం మెడ నిమురుతూ కాసేపు ఊరుకుని "ఈ ఏడాదికి వద్దులే డాక్" అన్నాడు. ఆ సీజన్‌లో అదే మాట కొట్టం తర్వాత కొట్టంలో విన్నాం.

ఎందుకు వద్దన్నాడో లెక్క వేసి చూడండి. 2012 వసంతంలో చూడి కడితే పదకొండు నెలలకు, 2013లో ఈనుతుంది. పిల్ల 2014 శరదృతువులో వేలానికి వస్తుంది. రెండేళ్ల గుర్రంగా మొదటి రేసు 2015లో. అంటే ఈ రోజు పెట్టే ఖర్చు 2015 బహుమతి సొమ్మును నమ్ముకుని పెట్టేది. 2013 ఏప్రిల్ తర్వాత ఏముంటుందో మంత్రికే తెలియనప్పుడు ఆ రైతు ఏం నమ్మి డబ్బు పెడతాడు? ఒంటారియో మగగుర్రాల పిల్లలకే ప్రత్యేకించిన ఒంటారియో సైర్స్ స్టేక్స్ రేసుల కోసం అమెరికా నుంచి కూడా ఆడగుర్రాలు వచ్చేవి. ఆ దారీ సన్నగిల్లింది.

దెబ్బ పడినవాళ్లు పేపర్లో ఫొటోలు పడే యజమానులు కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు కొట్టం ఊడ్చే గ్రూములు, ఎండుగడ్డి పండించి అమ్మే రైతులు, నాడాలు కొట్టేవాళ్లు. గుర్రాల సంగతి ఇంకా కష్టం. రేసుల నుంచి దిగిన స్టాండర్డ్‌బ్రెడ్‌లను ఎల్మైరా, సెయింట్ జేకబ్స్ వైపు పాత ఆచారాలు వదలని మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు కొనుక్కునేవాళ్లు. వాళ్లు కార్లు వాడరు, ఈ గుర్రాలకు బండి కొత్త కాదు, ఇద్దరికీ సరిపోయేది. ఆ ఏడాది వాళ్ల అవసరానికి మించి వచ్చిపడ్డాయి. మిగిలినవి వేలాలకు పోయాయి. కెనడాలో గుర్రాన్ని మాంసానికి అమ్మడం చట్టబద్ధం. అంతకంటే వివరంగా రాయను.

తర్వాత జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడు పార్టీలకు చెందిన ముగ్గురు మాజీ మంత్రులతో ప్రభుత్వమే ఒక కమిటీ వేసింది. పాత పద్ధతిలో జవాబుదారీతనం లేదు, అయినా ప్రభుత్వ సాయం లేకుండా ఈ పరిశ్రమ నిలవదు అని వాళ్లు తేల్చారు. కొత్త ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) కాథ్లీన్ విన్ వచ్చాక ఐదేళ్లకు 50 కోట్ల డాలర్ల దాకా ఇస్తామన్నారు. 2019 నుంచి 19 ఏళ్ల ఒప్పందం నడుస్తోంది. అంటే డబ్బు తిరిగి ఇచ్చారు, తగ్గించి. ఇదేదో 2012లోనే, ఏటా కొంత తగ్గిస్తామని ముందే చెప్పి చేసి ఉంటే ఎన్నో కొట్టాలు ఖాళీ అయ్యేవి కావు.

అమెరికాలోనూ ఇదే తగువు. పెన్సిల్వేనియా 2004లో చట్టం చేసి స్లాట్ల సొమ్ములోంచి రేసుగుర్రాల నిధి పెట్టింది. 2020లో గవర్నర్ టామ్ వుల్ఫ్ అందులోంచి 20.4 కోట్ల డాలర్లు కాలేజీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లకు మళ్లిద్దామంటే శాసనసభ ఒప్పుకోలేదు. ఫ్లోరిడాలో ఇంకో ముచ్చట. రేసులు నడిపితేనే స్లాట్లు అన్న నిబంధనను 2021లో కొన్ని రకాల రేసులకు ఎత్తేశారు. 2022 ఏప్రిల్‌కల్లా పొంపానో పార్క్‌లో హార్నెస్ రేసులు ఆగిపోయాయి, క్యాసినో మాత్రం నడిచింది. రేసుకోర్సు క్యాసినో కంపెనీ చేతిలో ఉంటే గుర్రం ఎప్పటికీ దానికి ఖర్చు పద్దే. స్లాట్ల సొమ్మును నమ్ముకున్న గుర్రాలవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆ సొమ్ము ఎవరి జేబులోంచి వస్తుందన్నది కూడా చూడాలి. 2004లో విలియమ్స్, వుడ్ అనే పరిశోధకులు ఒంటారియో మీద చేసిన అధ్యయనం ప్రకారం జూదం సమస్యగా మారినవాళ్లు జనాభాలో 5 శాతం లోపే, కానీ జూద ఆదాయంలో సుమారు మూడో వంతు వాళ్లదే. ఆ తాడు తగిలించుకున్న ముసలమ్మ పింఛను నాలుగో స్థానం గుర్రానికి బహుమతిగా వస్తోందంటే, గుర్రాల మీద నాకెంత ప్రేమ ఉన్నా సమర్థించడం కష్టం.

అందుకే నన్నడిగితే, ఇప్పటికే ఇస్తున్న చోట గుర్రం కడుపున పడి రేసుకొచ్చేదాకా పట్టే కాలాన్ని బట్టి కనీసం నాలుగైదేళ్ల గడువు పెట్టి తగ్గించుకుంటూ రావాలి. ఇచ్చేదాంట్లో బహుమతి సొమ్ముకు తక్కువ, రేసుల నుంచి దిగిన గుర్రాల పోషణకు, గ్రూముల జీతభత్యాలకు ఎక్కువ వెళ్లాలి. మిగిలిన బహుమతి సొమ్మును టికెట్ల అమ్మకంతో ముడిపెట్టాలి, అప్పుడే యాజమాన్యం జనం మొహం చూస్తుంది. ఇంకా మొదలుపెట్టని చోట మొదలుపెట్టొద్దు.

హైదరాబాద్ సంగతి: మలక్‌పేటలో ఈ ప్రశ్నే తలకిందులు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యపు ఆట అని తీర్పిచ్చింది కాబట్టి రేసులు నడుస్తున్నాయి. స్లాట్ మెషీన్ పూర్తిగా అదృష్టం మీద ఆట, తెలంగాణ గేమింగ్ చట్టం కింద కుదరదు. పైగా అక్కడ రేసులకు ఊతం ఇవ్వడం మాట అటుంచి, జీఎస్టీ పడుతున్నది పందేల్లోంచి క్లబ్బు ఉంచుకునే కమిషన్ మీద కాదు, కాసిన మొత్తం మీద. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 28 శాతం కాస్తా 40 అయింది. మలక్‌పేటను బతికించాలనుకునేవాళ్లు స్లాట్ల ఊసు వదిలేసి, ముందు పన్ను కమిషన్ మీద వేయాలా కాసిన మొత్తం మీద వేయాలా అన్నదాని మీద జీఎస్టీ కౌన్సిల్‌తో కొట్లాడుకోవాలి.