నీ కోసం రాసిన కథకు ఏం జవాబివ్వాలి

కడప

అమ్మీ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ పుట్టినరోజుకు నీ స్నేహితురాలు నీ మీద ఒక కథ రాసిచ్చింది. నువ్వు 'సూపర్' అని, రెండు ఎర్ర గుండెలు పంపినావు. అప్పటినుంచి ఆమె ముభావంగా ఉంటోంది, నీకేమో టెన్షన్.

ఆమె చీర ఇచ్చివుంటే ఆ 'సూపర్' సరిపోయేది. నువ్వు కట్టుకున్న రోజున ఆమె కళ్లతో చూసుకునేది. కథ అట్లా కాదు. నువ్వు చదివినావో లేదో, ఎక్కడ నవ్వినావో, ఎక్కడ ఆగినావో నువ్వు నోరు విప్పి చెబితే తప్ప ఆమెకు తెలిసే దారి లేదు. ఆమె ఎదురుచూస్తున్నది దానికోసమే. పొగడ్త కోసం అనుకోవద్దు.

అందుకని ముందు ఆ కథ ఇంకోసారి చదువు. ఆఫీసు బస్సులో కాదు, ఇంట్లో నింపాదిగా. మొదటిసారి కథ కోసం చదివి, రెండోసారి పెన్సిల్ పట్టుకుని, నీ మనసు ఆగిన చోటల్లా పక్కన చిన్న గీత పెట్టుకో. రేపు నువ్వు మాట్లాడాల్సింది ఆ గీతల గురించే. కోపమొస్తే నువ్వు మాట్లాడకుండా గడప దగ్గర చెప్పులు సర్దుతావని రాసిందన్నావే, ఆ సంగతి మీ అమ్మక్కూడా తెలీదు. 'ఇది నువ్వెప్పుడు గమనించినావే?' అని అడుగు. పది మెచ్చుకోలు మాటలకన్నా ఆ ఒక్క ప్రశ్న ఆమెకు ఎక్కువ సంతోషమిస్తుంది.

కృష్ణదేవరాయలు పోయినాక పెద్దన చెప్పినాడనే సీసపద్యం నీకు గుర్తుండే ఉంటుంది, పదో తరగతిలో ఉన్నప్పుడు నీచేత కంఠతా పట్టించినాను. అందులో కోకట గ్రామం మొదలైన అగ్రహారాల ప్రస్తావన ఉంది. అది మన కమలాపురం దగ్గరి కోకటమే అంటారు. కానీ ఆ పద్యంలో నన్ను పట్టుకునేది అగ్రహారాలు కాదు. మనుచరిత్రను అందుకున్న వేళ రాయలు పల్లకిని తన చేత్తో పట్టి ఎత్తినాడు, దారిలో ఎదురైతే ఏనుగును ఆపి చేయూతనిచ్చి ఎక్కించుకున్నాడు. రాజు లేని లోకంలో జీవచ్ఛవంలా బతికున్నానని ఏడుస్తూ కవి తలుచుకున్నవి ఇవి. కృతి ఇచ్చినవాడికి, దాన్ని పుచ్చుకున్న తీరు అంతగా గుర్తుంటుంది.

కథలో కొన్ని చోట్లు నచ్చలేదన్నావు. పరవాలేదు, వాటి జోలికి పోవద్దు. నచ్చినట్టు అబద్ధమూ చెప్పొద్దు, మాట తేలిపోతుంది. విమర్శకు మన కడప పేరుమోసిందే. 1968లో ఇక్కడినుంచి 'సంవేదన' పత్రిక నడిపిన విమర్శకుడు రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) ఎంతటి రచయితనూ మొహమాటానికి మెచ్చుకున్నవాడు కాదు. ఆయనంటే నాకు ఎనలేని గౌరవం. అయితే ఆయన తూచింది లోకం ముందుకొచ్చిన పుస్తకాలను. ఇది నీ ఒక్కదాని కోసం రాసింది. బడిలో పిల్లలు నాకు పద్యాలు రాసిచ్చినప్పుడు, గణాలు తప్పినా యతి తప్పినా వాటిమీద ఎర్ర పెన్ను పెట్టలేదు నేను. 'తప్పులుంటే చెప్పండి సార్' అని వాళ్లే అడిగితే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పేవాణ్ణి. ఆమె అడిగిన రోజున నువ్వూ చెప్పు.

ఇంకో మాట. ఆమెను అడక్కుండా దాన్ని గ్రూపుల్లో పెట్టొద్దు. గర్వంతోనే పెడతావనుకో, అయినా ఆమె రాసింది నిన్ను తలుచుకుని, మీ పిన్నమ్మలనూ బాబాయిలనూ తలుచుకుని కాదు.

ఫోన్‌లో ఉన్నదాన్ని ప్రింటు తీసి పెట్టుకో, ఫోన్లు పోతుంటాయి. కాగితాలకు గుండుసూది గుచ్చొద్దు, తుప్పు మరక దిగుతుంది. కవర్లో పెట్టి పైన తేదీ వేసుకో. ఎర్రముక్కపల్లి బ్రౌన్ లైబ్రరీలో తాళపత్రాలు చూసినావు కదా, అవి ఇంతకాలం నిలిచింది ఒకరు రాసినదాన్ని ఇంకొకరు జాగ్రత్తగా దాచబట్టే.

బదులుగా నువ్వూ ఏదైనా రాయాలా అని అడిగినావు. అక్కర్లేదు. నీకు రాయాలనిపిస్తే అది వేరే సంగతి. లెక్క సరిచేసుకోవడానికి మాత్రం రాయొద్దు.

ఆలస్యమైందని సిగ్గుపడి ఊరుకోవద్దు. 'మళ్లీ చదివినాను, మాట్లాడాలి' అని ఒక ముక్క పంపి, ఈ ఆదివారం ఆమెకు ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చేద్దువులే.

మీ మామ