ఆకు మీది కాటు గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

అచ్చంపేట నుంచి నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. రాయిగా మారిన ఆకుల మీద పురుగుల కాట్లు! ఈ విషయం ఎంచుకున్నందుకే సగం మార్కులు వేస్తున్నా. డైనోసార్ల మీద రాసేవాళ్లకు కొదవ లేదు, ఆకు కొరికిన పురుగును పట్టించుకునేవాళ్లే తక్కువ. మిగతా సగం సంగతి చెప్తాను, టెన్షన్ పడకు.

"40 కోట్ల ఏళ్ల కిందట ఆకలిగొన్న ఒక పురుగు లేత ఆకును కమ్మగా నమిలింది" అని మొదలుపెట్టావు. ఆకలి, కమ్మదనం నీ ఊహలు. పైగా స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర దొరికిన ఆ కాలపు మొక్కలకు మనం ఆకు అనుకునే ఆకులే లేవు. అక్కడ దొరికినవి కాండాల మీద గుచ్చిన గాయాలు, సిద్ధబీజాలతో (స్పోర్లతో) నిండి రాయిగా మారిన మలం గుళికలు. వాటిని వదిలింది కీటకాలో, వాటి దూరపు చుట్టాలో. నిజానికి నీ మొదటి వాక్యం కంటే ఆ గుళికలే ఆసక్తిగా ఉన్నాయి.

పాఠకుడు మొదట అడిగేది ఒకటే: ఆ చిల్లు పురుగే చేసిందని ఎట్లా తెలుసు? గాలికి చిరిగి ఉండొచ్చు, రాలాక కుళ్లి ఉండొచ్చు. బతికున్న ఆకును కొరికితే మొక్క ఊరుకోదు, గాయం అంచున కణజాలం మందంగా పెరిగి గట్టిపడుతుంది. ఆ నల్లటి అంచు శిలాజంలోనూ కనిపిస్తుంది. చచ్చిన ఆకు అట్లా మానదు. వ్యాసానికి ప్రాణం ఇదే, నువ్వేమో నాలుగో పేజీలో ఒక్క ముక్కలో తేల్చేశావు.

ఇంకో మాట. చాలాసార్లు కాటు మాత్రమే దొరుకుతుంది, కొరికింది దొరకదు. అందుకే కాన్రాడ్ లాబాండేరా, పీటర్ విల్ఫ్ వంటి శిలాజ శాస్త్రవేత్తలు పురుగులకు కాకుండా కాట్ల రకాలకు నంబర్లిచ్చారు: అంచు కొరికింది, చిల్లు పెట్టింది, ఈనెలు వదిలి మిగతాది తిన్నది, రసం పీల్చింది, ఆకు లోపల సొరంగం తొలిచింది, బొడిపె లేపింది. ఈ వినయం నీ రాతలోకీ రావాలి. సొరంగాల దగ్గర మాత్రం కొంచెం ధైర్యం చెయ్యొచ్చు. పురుగు పెరిగేకొద్దీ దారి వెడల్పవుతుంది, వెనక మలం గీత మిగులుతుంది, ఆ తీరు ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో దొరికిన దాదాపు 10 కోట్ల ఏళ్ల ఆకుల మీది సొరంగాలు చూసి అవి ఇప్పటికీ ఉన్న చిమ్మెట (మాత్) కుటుంబాలవని చెప్పగలిగారు. నమ్మకం కుదరకపోతే మా నల్లగొండ బత్తాయి తోటలకు రా. లేత ఆకు మీద వెండిగీతలా మెలికలు తిరిగిన దారి చూపిస్తా. కానుగాకు మీది బొడిపెలూ చూడు, కానీ వాటిని కీటకాల ఖాతాలో వెయ్యకు, అవి నల్లి (మైట్) జాతివి, అంటే మంచంలో నల్లి కాదు, సాలెపురుగు చుట్టం. నీ వ్యాసంలో ఆ తప్పు ఉంది.

చైనాలో దొరికిన సుమారు 25 కోట్ల ఏళ్ల నాటి ఆకుల ముచ్చట నువ్వు అసలు ఎత్తలేదు, నాకు ఆశ్చర్యం వేసింది. ఆకుకు రెండు వైపులా ఒకదానికొకటి అద్దంలో నీడలా సరిపోయే చిల్లులు! మడిచిన కాగితాన్ని కత్తిరించినట్టు. అంటే పురుగు తినేటప్పుడు ఆకు ముడుచుకుని ఉంది. పొద్దుగూకితే చింతాకు ముడుచుకుంటుంది కదా, అట్లాంటి నిద్ర ఆనాడే ఉందని 2023లో ఫెంగ్ జువో బృందం ప్రకటించింది. మొక్క నిద్రపోయిందన్న సంగతికి సాక్షి దాన్ని కొరికిన పురుగు. నేనైతే వ్యాసం ఇక్కడే మొదలుపెడతా.

వింత ఆకులే ఏరుకుని రాయకు. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి ఒక్కసారిగా వేడెక్కినప్పుడు పురుగుల కాట్లు పెరిగాయని అమెరికాలోని వయోమింగ్‌లో తేల్చిన ఎలెన్ కురానో బృందం 5 వేలకు పైగా ఆకులు చూసింది. ఏ కాటూ లేని ఆకులనూ లెక్కలో వేశారు. అవి లేకపోతే 'పెరిగింది' అనే మాటకు అర్థమే లేదు.

చివరగా మన ఊళ్ల సంగతి. మా నల్లగొండ కాపురాల గుట్ట మీద శిలాజ ఆకు దొరికినట్టు కథ అల్లావు. అభిమానం అర్థమైంది గానీ అది కుదరదు. మన గుట్టల గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్లది, భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. అప్పటికి నేల మీద మొక్కే లేదు. తెలంగాణలో ఆకుల శిలాజాలు కావాలంటే గోదావరి వైపు బొగ్గు పొరలకు పో, గ్లాసోప్టెరిస్ అనే అంతరించిపోయిన చెట్ల ఆకులు అక్కడ దొరుకుతాయి. ఆ జాతి ఆకుల మీద కాట్లు దక్షిణాఫ్రికాలోనూ మన దేశంలోనూ గుర్తించారు. నల్లగొండను వ్యాసంలో ఉంచాలనిపిస్తే బత్తాయి ఆకుతో ఉంచు, గుట్టతో వద్దు.

డైనోసార్ పేరా తీసెయ్. గాయం మానిన అంచును మొదటి పేజీకి తే. 'పురుగుల పగ' అన్న శీర్షిక కూడా మార్చి, దసరా సెలవుల్లోపు మళ్లీ పంపు.

నీ అన్న,
నల్లగొండ