ఫిట్స్ మందు దొరకట్లేదు, ఉన్నవాటిని సర్దుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మ ఫిట్స్‌కి ఏళ్ల తరబడి ఫెనిటోయిన్ 100 మిల్లీగ్రాముల మాత్రలు వాడుతోంది. కొన్ని వారాలుగా ఆ బ్రాండ్ మౌలాలిలో, ఈసీఐఎల్ చుట్టుపక్కల ఎక్కడ అడిగినా 'స్టాక్ లేదమ్మా' అంటున్నారు. ఇంట్లో వారానికి సరిపడానే ఉన్నాయి. డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే నెలలో. అప్పటిదాకా రోజు విడిచి రోజు వెయ్యొచ్చా? వేరే కంపెనీది కొనెయ్యమని పక్కింటావిడ అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, మౌలాలి

జవాబు: రోజు విడిచి రోజు మాత్రం వద్దమ్మా, సగం ముక్క చేసి వెయ్యడం కూడా వద్దు. థైరాయిడ్ మాత్రయితే ఒకటి రెండు రోజులు తప్పినా ఒంట్లో పాత మోతాదు ఇంకా ఉంటుంది కాబట్టి నెట్టుకురావచ్చు కానీ, ఫిట్స్ మందు తగ్గితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. వచ్చే నెలదాకా ఆగకండి. ఈరోజే మీ డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి 'ఫెనిటోయిన్ దొరకట్లేదు, వారానికే ఉంది' అని చెప్పండి. వాళ్లు అందకపోతే పాత చీటీ పట్టుకుని నిమ్స్‌లోనో గాంధీలోనో న్యూరాలజీ ఓపీకి వెళ్లండి.

పక్కింటావిడ మాట పూర్తిగా తప్పేం కాదు, అదే మందు వేరే కంపెనీలు కూడా చేస్తాయి. కానీ ఫెనిటోయిన్‌తో ఒక చిక్కుంది. రక్తంలో దీని మోతాదు కాస్త తగ్గితే ఫిట్స్ వస్తాయి, కాస్త పెరిగితే తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మత్తు. అందుకే డాక్టరుకి చెప్పే మార్చాలి, మార్చాక ఆయన అవసరమనుకుంటే రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయిస్తారు. కొత్తది కొనేటప్పుడు స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. ఫెనిటోయిన్ సోడియం, 100 మిల్లీగ్రాములు, మామూలు మాత్రా లేక 'ఎక్స్‌టెండెడ్ రిలీజా' (అంటే మందు ఒంట్లోకి నెమ్మదిగా విడుదలయ్యే రకమా), ఈ మూడూ పాతదానితో కలవాలి. పాత స్ట్రిప్‌ని ఫోటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే షాపుల్లో కత్తిరించి ఇచ్చే ముక్కల మీద చాలాసార్లు పేరు సగమే మిగులుతుంది.

కాలనీ షాపుల్లో లేకపోతే కోఠిలోని హోల్‌సేల్ మందుల షాపుల్లో అడగండి, జనౌషధి కేంద్రంలో కూడా. 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో మందు పేరు కొడితే అదే మందు ఏయే బ్రాండ్లలో ఉందో, ధరెంతో కనిపిస్తుంది. దొరికింది కదా అని చీటీ లేకుండా, బిల్లు లేకుండా ఎవరి దగ్గరా కొనకండి.

ఫెనిటోయిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. అలాంటి మందు తయారీ ఆపాలంటే 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కంపెనీ కనీసం 6 నెలల ముందు బహిరంగంగా ప్రకటించాలి. కాబట్టి జాతీయ ఔషధ ధరల సంస్థ టోల్‌ఫ్రీ 1800 111 255కి ఫిర్యాదు చెయ్యండి, మీలాంటి వాళ్లు అడగకపోతే కొరత ఉన్నట్టు పైవాళ్లకి తెలిసేదెలా?

ఈలోపు అమ్మగారికి ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను కుక్కడం వద్దు. 5 నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యండి.