ఉప్పాడ దగ్గర సముద్రం ఊళ్లోకి వస్తుంటే బాధ్యత ఏ దేశానిది?

భూమి వేడెక్కి సముద్రమట్టం పెరగడంలో చూస్తే, ఒక్క దేశానిది కాదు. అలాగని అందరికీ సమానమూ కాదు. వాతావరణ మార్పు మీద 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం చెప్పేది అదే: బాధ్యత ఉమ్మడిది, వాటాలు వేరు. ముందునుంచీ బొగ్గు, చమురు తెగ కాల్చిన సంపన్న దేశాలు భూమిని వేడెక్కించే వాయువులను ముందు తగ్గించాలి, పేద దేశాలకు డబ్బూ ఇవ్వాలి. 2015 పారిస్ ఒప్పందంలో ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకుంటారు, ఆ లక్ష్యం అందుకోకపోయినా జరిమానా లేదు. అసలు చిక్కంతా అక్కడే. మన దేశం 2070కి నెట్ జీరో అంది, అంటే గాలిలోకి వదిలే ఆ వాయువులు ఎన్నో, తిరిగి తీసేసేవీ అన్నే.

అయితే తీరం కోతనంతా వాతావరణం ఖాతాలో రాసేయకండి. గోదావరి మీదా, ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టలు ఒండ్రుమట్టిని పైనే ఆపేస్తున్నాయి. అది అందక డెల్టా అంచు బలహీనపడుతోంది. కోనసీమలో శివారు ఆయకట్టు చేలకు ఉప్పు తగలడానికి కాలవ నీళ్లు సరిగా అందకపోవడమూ ఒక కారణం. దానికి పారిస్ దాకా వెళ్లక్కర్లేదు, ఇరిగేషన్ శాఖ పని.